దేహపు లేమి – మనసు దిగులు
అబూ జైద్ బల్ఖీ గ్రంథం నుండి పెల్లాగ్రా వ్యాధి చరిత్ర వరకు

మనిషికి కారణం తెలియని భయం పట్టుకుని, గుండెదడ, నిద్రలేమి, గాబరా కలిగినప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా మూడు రకాల మాటలు వినిపిస్తాయి. “ఈమాన్ బలహీనపడింది” అంటారు కొందరు. “ఏదో అసర్ ఉంది, ఆమిల్ దగ్గరకు తీసుకుపోండి” అంటారు మరికొందరు. మూడవ మాట ఇటీవల వచ్చినది: “విటమిన్లు తగ్గి ఉంటాయి, ఒక సీసా తెచ్చి వాడితే సరిపోతుంది.” మొదటి మాట రోగిని నిందిస్తుంది, రెండవది భయపెడుతుంది. మూడవది ఆశ చూపుతుంది గాని, అందులో నిజమెంతో చెప్పదు.

ఫలానా రోగికి ఏమైందో తేల్చవలసినవారు వైద్యులే. అయితే దేహంలోని లేమికీ మనసులోని అలజడికీ గల సంబంధాన్ని మానవజాతి ఎలా తెలుసుకున్నదో వివరించడం చరిత్ర పని. ఆ చరిత్రలో బల్ఖ్ నగరపు ఒక ముస్లిం పండితుడు ఉన్నాడు, ఈజిప్టు రైతులు ఉన్నారు, అమెరికా అనాథాశ్రమాల పిల్లలు ఉన్నారు, మన తెలంగాణా జొన్నరొట్టె కూడా ఉంది. ఆ కథను క్రమంగా పరిశీలిద్దాం.

బల్ఖీ చెప్పిన రెండు దుఃఖాలు

అబూ జైద్ అహ్మద్ ఇబ్ను సహ్ల్ బల్ఖీ క్రీ.శ. 850 ప్రాంతంలో బల్ఖ్ పరిసరాల్లో జన్మించి, హి.శ. 322లో, అంటే క్రీ.శ. 934లో మరణించాడు. భూగోళ శాస్త్రంలో ఆయన పేరు ప్రసిద్ధం. ఆయన రచనల్లో “మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్” అనే గ్రంథం చాలాకాలం మరుగున పడి ఉంది. దేహాల క్షేమం, ఆత్మల క్షేమం అని ఆ పేరుకు స్థూలంగా అర్థం. ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా గ్రంథ సంచయంలో భద్రంగా ఉన్న వ్రాతప్రతిని ఫువాత్ సెజ్గిన్ 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి యథాతథ ముద్రణగా వెలువరించాడు. ఆత్మకు సంబంధించిన రెండవ భాగాన్ని సూడాన్ దేశపు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి అనువదించగా, అది 2013లో అచ్చయింది.

వైద్యులు దేహాన్ని మాత్రమే చూసి ఆత్మను విస్మరిస్తున్నారన్నది బల్ఖీ ఫిర్యాదు. మనిషి ఈ రెండింటి కలయిక కనుక ఒకదాని బాధ రెండవదానికి సోకక తప్పదని ఆయన వాదం. ఆత్మను పీడించే స్థితులను ఆయన కోపం, భయం, దుఃఖం, వస్వాసులు అనే నాలుగు శీర్షికల కింద చర్చించాడు. అనువాదకునికి ఇక్కడి పదాలే ఒక పాఠం. “ఖౌఫ్” మామూలు భయం. “ఫజఅ్” గుండె జారిపోయేలా చేసే గాబరా. “హుజ్న్” దుఃఖం, “జజఅ్” ఓర్పు నశించిన ఆక్రోశం. తెలుగులోనూ దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. ఈ తేడాలను గుర్తించిన భాషలు బాధను దగ్గరగా చూసిన భాషలే.

మన చర్చకు ముఖ్యమైనది బల్ఖీ దుఃఖాన్ని రెండుగా విభజించిన తీరు. మొదటిది కారణం తెలిసిన దుఃఖం: ఆప్తుని మరణం, ధన నష్టం వంటివి. దానికి మందు మంచి మాట, ఆలోచనను సరిదిద్దుకోవడం. రెండవది కారణం తెలియని దుఃఖం. మనిషి దేనికో చెప్పలేడు గాని, మనసు కుంగిపోయి ఉంటుంది. దీని మూలం దేహంలో, రక్తపు స్థితిలో ఉన్నదని, కనుక చికిత్స కూడా దేహానికి జరగాలని ఆయన చెప్పాడు.

బల్ఖీకి విటమిన్లు తెలియవు. ఆయన రక్తం గురించి చెప్పినది ఆ కాలపు యునానీ సిద్ధాంతానికి లోబడిన మాట. నేటి రసాయన శాస్త్రమంతా ఆనాడే మనవారికి తెలుసునని చాటడం ఆ మహనీయునికి గౌరవం కాదు. ఆయన గొప్పతనం మరొకచోట ఉంది. కారణం కనిపించని దిగులును పాపంగానో పిరికితనంగానో చూడక, అది దేహపు సమస్య కావచ్చునని ఆయన ఒక తలుపు తెరచి ఉంచాడు. తర్వాతి కాలంలో ఆ తలుపు మూసిన చోటల్లా బీదవారు నష్టపోయారు.

తల్బీనా హదీసును కూడా ఇదే దృష్టితో చదవాలి. కుటుంబంలో ఎవరైనా మరణించినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) యవల పిండితో జావ కాయించి పెట్టించేవారని, అది రోగి గుండెకు సేద తీర్చి దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారని బుఖారీ గ్రంథంలో ఉంది. దీని నుండి యవలలోని ఖనిజాల పట్టికను రాబట్టడం నా ఉద్దేశం కాదు. దుఃఖంలో ఉన్నవానికి ఉపదేశంతో పాటు వేడి ఆహారం కూడా అందించాలన్న వివేకం అందులో స్పష్టంగా ఉంది.

మొక్కజొన్న వెంట వచ్చిన వ్యాధి

తిండిలోని ఒక లోపం మనసును ఎంతగా ధ్వంసం చేయగలదో ప్రపంచానికి నేర్పిన వ్యాధి పెల్లాగ్రా. స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దీనిని బీద రైతుల్లో గుర్తించాడు. ఇటలీలో ఫ్రపోల్లి 1771లో దీనిని “పెల్లాగ్రా” అన్నాడు. గరుకు చర్మం అని ఆ మాటకు అర్థం. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పగులుతుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. చివరకు మతి చెడుతుంది.

అయితే మనసు మీది ప్రభావం చివరి దశ దాకా ఆగదు. నిద్ర పట్టకపోవడం, చిరాకు, అకారణ భయం, దిగులు తరచుగా ముందే మొదలవుతాయి. చర్మం మీద మచ్చలు రాకముందు ఇటువంటి రోగిని చూసినవారు దానిని వ్యాధి అనుకోరు. స్వభావమే అంత అనుకుంటారు.

ఈ రోగులందరికీ ప్రధాన ఆహారం మొక్కజొన్న. అది అమెరికా ఖండం నుండి 1492 తర్వాత పాత ప్రపంచానికి వచ్చిన పంట. మెక్సికో ఆదివాసులు దానిని సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, ఆ తర్వాతే రొట్టె చేసేవారు. గింజలో విడివడకుండా బంధింపబడి ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఆ సున్నపు నీటి వల్ల విడుదలై దేహానికి అందుతుంది. ఐరోపా వారు గింజను తెచ్చుకున్నారు గాని, ఆ వంట పద్ధతిని తెచ్చుకోలేదు.

ఈజిప్టులో

దిగువ ఈజిప్టు రైతు రొట్టె కూడా మొక్కజొన్నదే అయింది. కైరోలోని ఖస్రుల్ ఐనీ ఆసుపత్రిలో పనిచేసిన ఫ్లెమింగ్ శాండ్‌విత్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1890ల దశకంలో అక్కడి ఫల్లాహీన్లలో, అంటే సేద్యం చేసే బీదవారిలో, పెల్లాగ్రాను గుర్తించాడు. అప్పటి ఇటలీ పండితుల వలెనే ఆయన కూడా మొదట చెడిపోయిన మొక్కజొన్నలోని విషమే దీనికి కారణమనుకున్నాడు. 1913 నాటికి ఆయన ఆలోచన మారి, ఇది పోషక లోపం వల్ల కలిగే వ్యాధి కాదా అన్న ప్రశ్న లేవనెత్తాడు.

కైరోలోనే అబ్బాసియా అనే ప్రసిద్ధ మానసిక చికిత్సాలయం ఉంది. 1895 నుండి దానిని నిర్వహించిన జాన్ వార్నాక్ అక్కడి రోగుల్లో పెల్లాగ్రా మూలంగా మతి చెడినవారిని ప్రత్యేకంగా గుర్తించి, 1902లో ఆ విషయం ప్రకటించాడు. పొలంలో పనిచేసే మనిషి కొన్నేళ్ళు మొక్కజొన్న రొట్టె మీద బ్రతికి, దిగులు పడి, భయపడి, చివరకు గోడల నడుమ చేరాడు. అతని ఇంటివారు దానికి ఏ పేరు పెట్టుకున్నారో ఊహించడం కష్టం కాదు. అది తిండి వల్ల అని మాత్రం వారిలో ఎవరికీ తోచి ఉండదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ విషయం మరింత స్పష్టమైంది. ఈజిప్టులో బ్రిటిష్ వారి చెరలో ఉన్న ఉస్మానీ సైనికుల్లో పెల్లాగ్రా విస్తారంగా కనిపించింది. విచారణకు ఒక సంఘాన్ని నియమించగా, అది 1918లో నివేదిక ఇచ్చింది. తిండి పరిమాణం ఒక్కటే చూస్తే చాలదు, అందులోని మాంసకృత్తుల నాణ్యం చూడాలి అన్నది ఆ విచారణ నుండి తేలిన ముఖ్యాంశం. కడుపు నిండినా దేహం ఆకలితో ఉండవచ్చునని దీని భావం.

అనాథాశ్రమపు వంటశాల

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పెల్లాగ్రా వేలమందిని బలిగొన్నది. అంటువ్యాధి అన్నారు కొందరు. కొన్ని కుటుంబాల రక్తంలోనే దోషం ఉందన్నారు మరికొందరు. రెండు వాదాలూ బీదవారినే వేలెత్తి చూపాయి. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుని ఈ పనికి పంపింది. ఆశ్రమాల్లో, మానసిక చికిత్సాలయాల్లో రోగుల మధ్యనే తిరిగే సిబ్బందికి ఈ వ్యాధి రాకపోవడం ఆయన గమనించాడు. అంటువ్యాధి అయితే అలా జరగదు.

మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ పట్టణంలోని అనాథాశ్రమాల్లో ఆయన చూసినది మనందరం గుర్తుంచుకోవలసిన విషయం. అక్కడ వ్యాధి ఎక్కువగా ఆరు నుండి పన్నెండేళ్ళ లోపు పిల్లలకే వచ్చింది. మరీ చిన్నవారికి పాలు ఇస్తున్నారు. పెద్ద పిల్లలు పనిచేస్తారు కనుక వారికి మాంసం దొరుకుతున్నది. నడిమి వయసు వారికి మాత్రం మొక్కజొన్న, బెల్లపు పాకం వంటివే దక్కుతున్నాయి. నిర్వాహకులు దుర్మార్గులు కారు. ఉన్న డబ్బును సర్దిన తీరు అది. గోల్డ్‌బర్గర్ పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు, బఠాణీలు చేర్పించాడు. మరుసటి ఏడాదికి ఆ ఆశ్రమాల్లో పెల్లాగ్రా దాదాపు మాయమైంది. జార్జియా రాష్ట్రపు మానసిక చికిత్సాలయంలోనూ ఇదే ఫలితం కలిగింది.

1915లో ఒక జైలు వ్యవసాయ క్షేత్రంలో పదకొండుమంది ఖైదీలకు, క్షమాభిక్ష షరతు మీద, మొక్కజొన్న ప్రధానమైన తిండి పెట్టగా ఆరుగురికి వ్యాధి కలిగింది. ఖైదీలపై ఇటువంటి ప్రయోగం నేటి నీతి అంగీకరించేది కాదు. అయినా ఫలితం మాత్రం తిరుగులేనిది.

ఆ తిండిలో లోపించినదేమిటో గోల్డ్‌బర్గర్ జీవితకాలంలో తేలలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్, నికోటినిక్ ఆమ్లం కుక్కల్లో వచ్చే ఇటువంటి వ్యాధిని నయం చేస్తుందని కనుగొన్నాడు. దీనికే తర్వాత నయాసిన్ అన్న పేరు స్థిరపడింది. వెంటనే టామ్ స్పైస్, ఆయన సహచరులు దానిని మనుషులకు ఇచ్చి చూశారు. పెల్లాగ్రా రోగుల మానసిక లక్షణాలు, అంటే భయం, చిరాకు, నిద్రలేమి, కుంగుబాటు, ఈ మందుతో తగ్గడాన్ని వారు 1938లో ప్రత్యేకంగా వివరించారు. నెలల తరబడి “పిచ్చి” అనిపించుకున్న స్థితి కొద్ది రోజుల్లో తేలికపడింది. బల్ఖీ చెప్పిన కారణం తెలియని దుఃఖాల్లో ఒకదానికి వెయ్యేళ్ళ తర్వాత కారణం తెలిసింది.

దక్కనులో జొన్నరొట్టె చిక్కు

మొక్కజొన్న ప్రధానాహారం కాని మన దక్కనులో కూడా పెల్లాగ్రా ఉండేది. అది జొన్నరొట్టె, జొన్న గటక మీద బ్రతికే కూలీల్లో కనిపించింది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తార్నాకలో స్థిరపడింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ చిక్కును పరిశోధించారు.

మన దేహం నయాసిన్‌ను ఆహారం నుండి నేరుగా తీసుకోవడమే గాక, మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుండి తయారు చేసుకుంటుంది కూడా. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నయాసిన్ వస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. జొన్నలో అంత తక్కువేమీ కాదు. మరి వ్యాధి ఎందుకు? జొన్నలో ల్యూసిన్ అనే మరొక పదార్థం మోతాదుకు మించి ఉండి, ఈ మార్పుకు అడ్డు తగులుతున్నదని వారు 1960లో ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతం మీద తర్వాత విదేశాల్లో వాదోపవాదాలు జరిగాయి. అందరూ దానిని అంగీకరించలేదు. కాని హైదరాబాద్ పరిశోధకులు చేసిన మరొక పని నిలిచి ఉంది. పెల్లాగ్రా రోగుల్లో కుంగుబాటును, మెదడు విద్యుత్ తరంగాల్లో మార్పులను వారు నమోదు చేశారు. ఇదే ట్రిప్టోఫాన్ నుండి సెరటోనిన్ అనే పదార్థం కూడా తయారవుతుంది. మనసు నెమ్మదికి, నిద్రకు దానితో సంబంధం ఉంది. తిండిలోని ఒక లేమి చర్మాన్ని, మనసును ఒకేసారి ఎందుకు దెబ్బతీయగలదో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ప్రవేశపెట్టింది. బీదవాని కంచంలో జొన్న తగ్గుతూ వచ్చింది. పెల్లాగ్రా కూడా తర్వాతి దశాబ్దాల్లో అరుదైపోయింది. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, వేరుశనగ తోడుగా ఉంటే జొన్న ఆరోగ్యకరమైన తిండే. ఏ గింజ అయినా ఒంటరిగా కంచంలో మిగలడమే ప్రమాదం.

నేటి పరిజ్ఞానం చెప్పేదెంత

పెల్లాగ్రా కథ విని ప్రతి ఆందోళనకూ విటమిన్ లోపమే కారణమని అనుకుంటే మరొక పొరపాటులో పడతాం. కనుక కొన్ని విషయాలు విడివిడిగా చెప్పుకోవాలి.

మొదటిది: కొన్ని లోపాలు నిజంగానే మనసును కలవరపెడతాయి. బి12 లోపం మతిమరుపు, చిరాకు, కుంగుబాటు కలిగించగలదు. ఒక్కోసారి రక్తహీనత బయటపడక ముందే ఇవి కనిపిస్తాయి. ఇనుము తగ్గినప్పుడు వచ్చే గుండెదడ, ఆయాసం, నీరసం చూడటానికి అచ్చంగా గాబరా వలెనే ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణాలో 57.6 శాతం. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివరన మిగిలినది తినే ఇల్లాలు “గుండె గాబరాగా ఉంది” అంటే, తావీజు కట్టే ముందు ఆమె రక్తాన్ని పరీక్ష చేయించడం న్యాయం.

రెండవది: రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. దిగులుతో ఉన్న మనిషి సరిగా తినడు, ఎండలోకి రాడు. కనుక అతనిలో విటమిన్లు తగ్గి ఉండవచ్చు. పేదరికం, అప్పులు తిండినీ మనశ్శాంతినీ రెండింటినీ హరిస్తాయి. విటమిన్ డి విషయంలో అమెరికాలో 18,000 మందికి పైగా పెద్దవారిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కుంగుబాటును నివారించడంలో ఆ విటమిన్ ప్రయోజనమేమీ చూపలేదు. మరోవైపు ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం 478 మంది యువజనులపై చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు 100 మిల్లీగ్రాముల బి6 ఒక నెలపాటు తీసుకున్నవారు ఆందోళన కొంత తగ్గిందని చెప్పారు. అయితే అది తిండిలో దొరికే పాళ్ళకు ఎన్నో రెట్లు. బి6ను పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుతాయి. సీసా మీది బొమ్మ చూసి సొంత వైద్యం చేసుకోరాదని వేరే చెప్పనక్కరలేదు.

మూడవది: లోపం ఉన్నవారికి దానిని పూరించడం వైద్యం, లోపం లేనివారికి అదే మందు వ్యాపారం. రక్తం సవ్యంగా ఉండి కూడా ఆందోళన వీడని వారు ఎందరో ఉన్నారు. వారికి మనోవైద్యుని సాయం కావాలి. బల్ఖీ కూడా ఒక్క మార్గమే ఉందనలేదు. దేహానికి దేహపు మందు, ఆలోచనకు ఆలోచన మందు అన్నాడు.

ఇక “ఈమాన్ బలహీనత” అన్న మాట. కుమారుని కోసం దుఃఖించి చూపు పోగొట్టుకున్న యాఖూబ్ (అలైహిస్సలాం), మాంత్రికుల ఎదుట మనసులో భయం కలిగిన మూసా (అలైహిస్సలాం) గురించి దివ్యఖుర్ఆన్ మనకు చెప్పింది. దైవప్రవక్త (స) స్వయంగా “హమ్మ్” నుండి, “హజన్” నుండి శరణు వేడేవారు. దుఆ చేయడానికీ ఆసుపత్రికి పోవడానికీ మధ్య విరోధం లేదు.

మన వంటశాలలు

1990లో ఆఫ్రికాలోని మలావీ దేశంలో, మొజాంబిక్ నుండి వచ్చిన శరణార్థుల్లో దాదాపు 18,000 మందికి పెల్లాగ్రా వచ్చింది. వారికి ఇచ్చే సాయంలో మొక్కజొన్న అందుతూనే ఉంది. వేరుశనగ సరఫరా ఆగిపోయింది, అంతే. దయతో చేసిన సాయంలో ఒక్క దినుసు తగ్గడం ఇంతపని చేసింది.

ఈ సంఘటన మనకు దూరమైనది కాదు. రమజానులో మనం పంచే రేషన్ సంచుల్లో బియ్యం, పంచదార, నూనె, సేమియా ఉంటాయి. పప్పు, వేరుశనగ, గుడ్లు ఎన్ని సంచుల్లో ఉంటున్నాయి? మన యతీంఖానాల్లో, మదరసా హాస్టళ్ళలో ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లవాని కంచంలో వారానికి ఎన్నిసార్లు పాలో, గుడ్డో, ఆకుకూరో పడుతున్నది? సబఖ్ గుర్తుండని పిల్లవానిని, రాత్రి ఉలిక్కిపడి లేచే పిల్లవానిని మందలించే ముందు ఉస్తాదులు ఒకసారి వంటశాల లెక్కల పుస్తకం తెరచి చూడడం మంచిది. ప్రతి పిల్లవాని బాధకూ తిండే కారణమని కాదు. అది కారణమైన చోట దానిని సరిదిద్దడం మన చేతిలో పని.

జాక్సన్ ఆశ్రమ నిర్వాహకుల వలెనే మన నిర్వాహకులు కూడా ఉన్న చందాతో నెట్టుకొస్తున్నవారే. కనుక ఈ బాధ్యత వారిదొక్కరిదే కాదు, జకాత్, సదఖా ఇచ్చే ప్రతివారిదీ. ఇచ్చే సంచిలో ఒక కిలో కందిపప్పు, అరకిలో వేరుశనగ చేర్చడానికి పెద్ద ఖర్చు కాదు. అనాథ హక్కు అతని కడుపు నిండడంతోనే తీరిపోదని ఈ చరిత్ర మనకు చెబుతున్నది.